క్విన్సీ పద్దు

మామయ్య ఏ ఊరెళ్లినా ముందు మార్కెట్టు చూస్తాడు, తర్వాతే గుడి. ముప్పై ఏళ్లకు పైగా మునిసిపాలిటీల్లో పనిచేసి కమిషనర్‌గా రిటైరైన మనిషి. కిందటి అక్టోబరులో బోస్టన్‌లో మా ఇంటికొచ్చాడు. పగలూ రాత్రీ తారుమారై రెండు రాత్రులు కునుకు పట్టక, నా అలమరాలోంచి ఒక పాత పుస్తకం తీసి చదివాడు. బోస్టన్ రెండో మేయర్ జొసయ్యా క్విన్సీ తన ఎనభయ్యో ఏట, 1852లో, అచ్చువేయించిన ఆ ఊరి పురపాలన చరిత్ర అది. మూడోరోజు తెల్లవారకముందే తయారై కూర్చుని, "పద, ఆయన కట్టించిన మార్కెట్టు చూపించు" అన్నాడు.

నేనిక్కడ పబ్లిక్ హైస్కూల్లో చరిత్ర చెబుతాను. క్విన్సీ మీద నాకు గౌరవం ఉంది, కోపమూ ఉంది. ఆ పొద్దున మా ఇద్దరికీ జరిగిన వాదన గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. మామయ్య ఒక చివరి మెట్ల దగ్గర మొదలుపెట్టి గోడ పక్కనే అడుగులు లెక్కపెట్టుకుంటూ రెండో చివరిదాకా నడిచాడు. అక్కడ రాతి స్తంభం చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, అతుకు కోసం వెతికాడు. అతుకు లేదు. ఒక్కో స్తంభం ఒక్కో గ్రానైట్ రాయి.

మామయ్య: రెండు వందల పద్నాలుగు అంగలు పడ్డాయి. పొడవు 535 అడుగులని రాశాడు, లెక్క సరిపోయింది. వెడల్పు 50. శంకుస్థాపన 1825 ఏప్రిల్‌లో, తెరిచింది 1826 ఆగస్టులో. పదహారు నెలలు! మా కాలంలో పదహారు నెలలకి టెండరు ఖరారయ్యేది కాదమ్మా.

నేను: కట్టడం అందంగా ఉందని ఎవరు కాదన్నారు మామయ్యా? అలెగ్జాండర్ పారిస్ మంచి శిల్పి.

మామయ్య: శిల్పం సంగతి కాదు నేను చెప్పేది. ఇక్కడ ముందేముంది? ఫానియుల్ హాలు కింద ఇరుకిరుకు కొట్లు, బయట రోడ్డంతా బళ్లు, ఆ పక్కన పాత రేవు. ఊరి మురుగంతా అందులోకే. దాన్ని పూడ్చాడు. చుట్టుపక్కల స్థలాలు, రేవు హక్కులు ఒక్కొక్కటీ బేరమాడి ఊరి పేరన కొన్నాడు. ఆరు కొత్త వీధులు వేశాడు. మార్కెట్టుకి అటూ ఇటూ మిగిలిన నేలని ప్లాట్లు వేసి వేలం పెట్టాడు. కొన్నవాడు తన డబ్బుతో కట్టుకోవాలి, కానీ ముందు గోడ మాత్రం ఊరు చెప్పిన నమూనాలోనే ఉండాలి. కట్టడానికి లక్షా యాభై వేల డాలర్లు. జనం మీద కొత్త పన్ను వెయ్యలేదు. పైగా ఊరికి శాశ్వతంగా అద్దెలొచ్చే ఆస్తి మిగిలింది. ఇది చదివి రాత్రి పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసు. తొంభైల్లో ఒక ఊళ్లో రోడ్డు మీది కూరగాయల మార్కెట్టుని ఊరి వెలుపలి కొత్త షెడ్లకు మార్చాలని మామయ్య పూనుకున్నాడు. షెడ్లు లేచాయి, కుళాయిలు పెట్టారు, ఆశీలు కూడా తగ్గించారు. ప్రారంభానికి వారం ముందు ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆ షెడ్లలో తర్వాత చాలాకాలం గేదెలు కట్టేశారని విన్నాం. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

నేను: సరే, కొన్నాడు, పూడ్చాడు, కట్టాడు. ఎవరినడిగి? మేయర్‌కి అంత అధికారం నగర చార్టర్‌లోనే లేదు. చార్టర్ ఇచ్చిన అధికారం నామమాత్రం. అందుకని ఏం చేశాడు? ఆల్డర్‌మెన్, అంటే నగర సభ సభ్యుల, కమిటీలన్నింటికీ తానే అధ్యక్షుడై కూర్చున్నాడు. వీధుల కమిటీకి తనే, మార్కెట్టు కమిటీకి తనే, మురుగు కమిటీకి తనే. ఇంకో విషయం. బోస్టన్ 1822లో నగరమైంది. అంతకుముందు దాదాపు రెండు వందల ఏళ్లు ఊరి సభే ఊరిని ఏలింది. ఊళ్లో మగవాళ్లంతా ఒకచోట చేరి చేతులెత్తి తీర్మానించుకునేవాళ్లు. ఆ పద్ధతి మార్చొద్దని, నగర పాలన వద్దని వాదించింది కూడా ఈ క్విన్సీయే. ఏడాదిన్నర తిరక్కుండానే మేయర్ కుర్చీలో కూర్చుని ఊరి సభ చెయ్యలేనంత పెత్తనం చేశాడు.

మామయ్య: నలభై మూడు వేల మంది జనాభా ఒక హాల్లో పడతారా అమ్మా? వద్దని వాదించాడు, ఓడిపోయాడు. ఓడినవాడు ఇంట్లో కూర్చుని ఎలా నడుపుతారో చూద్దామనుకోలేదు. వచ్చి నడిపాడు. కమిటీల సంగతంటావా, అది తెలివి. ఎక్కడైనా చూడు, పని ఆగిపోయేది శత్రువు వల్ల కాదు, ఫైలు నీ దగ్గరుందంటే నీ దగ్గరుందనుకోవడం వల్ల. క్విన్సీ ఫైలు తన దగ్గరే ఉందన్నాడు. తప్పు జరిగితే ఎవరిని తిట్టాలో బోస్టన్‌లో ప్రతివాడికీ తెలుసు. ఏడాదికోసారి ఎన్నిక. ఆరుసార్లు గెలిపించారు. పెత్తనం చేసేవాడిని ఏడాదికోసారి దింపే వీలున్నప్పుడు దాన్ని పెత్తనమనకూడదు, బాధ్యత అనాలి.

నేను: ఓటు పన్ను కట్టే మగవాళ్లకే.

మామయ్య: ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే కదా. ఇంకో సంగతి విను. తెల్లవారుజామునే గుర్రమెక్కి ఊరంతా తిరిగేవాడు. నేనూ తిరిగాను, సైకిల్ మీద, తర్వాత జీపు మీద. ఆ వేళకి ఊరు అబద్ధమాడదు. ఏ సందులో ఊడ్చారు, ఏ మేస్త్రీ మస్టరు వేసుకుని ఇంటికెళ్లిపోయాడు, ఏ కాలువ పొంగింది, అన్నీ కనిపిస్తాయి. అప్పటిదాకా ఊరంతా వరుసబెట్టి చీపురు పట్టడమన్నదే బోస్టన్ ఎరగదట. 1823లో బారులు తీరిన ఊడ్పువాళ్లని చూసి జనం వింతపడ్డారు. వేల టన్నుల మట్టీ పెంటా తీశారు. దాన్ని రైతులకి ఎరువుగా అమ్మారు. చెత్తని పద్దులో రాబడి వైపు రాసుకున్నవాడమ్మా ఆయన!

ఈ మాట అంటున్నప్పుడు మామయ్య ముఖం చూడాలి. ఆయన చెప్పిన చెత్త నిన్న సాయంత్రమే ఎత్తినట్టుంది.

మెట్ల మీద కూర్చున్నాం. ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ మూతలోకి వంపి ఇచ్చాను. ఇద్దరం కాసేపు ఆ మనిషి చిన్నతనంలోకి వెళ్లాం. అక్కడ మాకు తగవు లేదు.

నేను: తండ్రి పేరు కూడా జొసయ్యాయే, మంచి వకీలు. 1770లో బోస్టన్ వీధిలో ఇంగ్లీషు సిపాయిలు కాల్పులు జరిపి ఐదుగురి ప్రాణాలు తీస్తే, ఊరంతా వాళ్ల రక్తం కోసం చూస్తుంటే, జాన్ ఆడమ్స్‌తో కలిసి ఆ సిపాయిల తరఫునే వాదించాడు. స్వాతంత్ర్యం కోరే పక్షంవాడే, అయినా వాదించాడు. 1775లో ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ, తీరం కనిపిస్తుండగా ఓడలోనే పోయాడు. కొడుక్కి అప్పుడు మూడేళ్లు. తత్వవేత్తలు లాక్, బేకన్‌ల పుస్తకాలు పెద్దయ్యాక కొడుక్కి అందాలని వీలునామాలో రాసిపెట్టాడు.

మామయ్య: తల్లి లాక్ చెప్పినట్టు పెంచిందట కదా. నడిచీ నడవని పసివాణ్ణి వెచ్చని పక్కలోంచి ఎత్తి, చలికాలంలో కూడా, నేలమాళిగ వంటింటికి తీసుకెళ్లి, అప్పుడే పంపు కొట్టిన చన్నీళ్ల తొట్టిలో మూడు మునకలు వేయించేవాళ్లట. ఈ చలిలో!

నేను: ఆ మూడు మునకలే ఆయన్ని చివరిదాకా నడిపించాయేమో అనిపిస్తుంది నాకు. తనకి సుఖం అక్కర్లేదు, ఇంకొకరికి కూడా అక్కర్లేదనుకునే మనిషి. హార్వర్డ్ చదువయ్యాక న్యాయశాస్త్రం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలుసా? విలియం ట్యూడర్ అనే వకీలు దగ్గర. ఆ ట్యూడర్ కొడుకు ఫ్రెడరిక్ ఇక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచు కోయించి, ఓడల్లో రంపపు పొట్టు మధ్య పేర్చి, 1833లో కలకత్తాకి పంపాడు. ఆ తర్వాత మద్రాసుకీ పంపాడు.

మామయ్య: అయితే మద్రాసు బీచి రోడ్డు ఐస్‌హౌస్...

నేను: ఆ ట్యూడర్ మంచు కోసం కట్టిందే. వివేకానందుడు 1897లో బస చేసిన ఇల్లు.

మామయ్య: ఎన్నిసార్లు దాని ముందు నుంచి నడిచానో! మంచు ఎక్కడిదని ఏనాడూ అడగలేదు.

కాఫీ అయిపోయింది. మామయ్య మూత తుడిచి బిగించాడు. మళ్లీ తగవులోకి వచ్చాం.

మామయ్య: నువ్వు ఆయన్ని నియంతలా చూపిస్తున్నావు గానీ, నియంతలు ఒంటరిగా నిలబడరు. ఈయన నిలబడ్డాడు. 1805 నుంచి ఎనిమిదేళ్లు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు. బోస్టన్ కస్టమ్స్ కలెక్టర్‌గిరీ వ్యవహారంలో ప్రెసిడెంటు జెఫర్సన్ చేసింది తప్పు, అభిశంసన విచారణ జరగాలని 1809లో తీర్మానం పెడితే ఓట్లెన్ని వచ్చాయి? కాదన్నవాళ్లు 117 మంది, ఔనన్నవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ ఈయనే.

నేను: 1811లో లూసియానాని రాష్ట్రంగా చేర్చుకుంటే దేశాన్ని కలిపి ఉంచిన ముడి తెగిపోయినట్టేనని, ఇక ఎవరి దారి వాళ్లు చూసుకోవచ్చని అదే సభలో అన్నది కూడా ఈయనే. అప్పటికి ఇంగ్లండుతో యుద్ధం కూడా రాలేదు. ఒంటరిగా నిలబడ్డవాళ్లంతా సరైనచోట నిలబడ్డట్టు కాదు మామయ్యా.

మామయ్య: కాదు. ఒప్పుకుంటాను. కానీ జడ్జీగా చేసిన పని నువ్వు కూడా ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాను. క్విన్సీ జీవితంలో నాకు చాలా నచ్చే ఏడాది 1822. మసాచుసెట్స్ శాసనసభకి స్పీకర్‌గా ఉన్నవాడు ఆ పదవి వదిలేసి బోస్టన్ మునిసిపల్ కోర్టు జడ్జీ కుర్చీలో కూర్చున్నాడు. దొంగతనాలు, కొట్లాటలు, తాగి పడిపోవడాలు విచారించే కోర్టు. స్నేహితులంతా ఇదేం దిగజారుడని నొచ్చుకున్నారు. ఆ ఏడాది చివర ఆయన ముందుకు ఒక పత్రికా సంపాదకుడి కేసు వచ్చింది. 'న్యూ ఇంగ్లండ్ గెలాక్సీ' పత్రిక నడిపే జోసెఫ్ బకింగ్‌హామ్, జాన్ మాఫిట్ అనే మత ప్రచారకుడి నడవడి గురించి రాశాడు. పరువునష్టం నేరం మోపారు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సంప్రదాయం ప్రకారం రాసింది నిజమా కాదా అన్నది కోర్టుకి పట్టదు. నిజమైతే గొడవ ఇంకా పెద్దదవుతుంది కాబట్టి నేరం ఇంకా పెద్దదనే వాదన కూడా ఉండేది. క్విన్సీ దాన్ని తోసేశాడు. మంచి ఉద్దేశంతో, తగిన ప్రయోజనం కోసం నిజం రాస్తే అది నేరం కాదన్నాడు. రాసింది నిజమని నిరూపించుకోవడానికి ముద్దాయికి వీలిచ్చాడు. జ్యూరీ బకింగ్‌హామ్‌ని విడిచిపెట్టింది. వకీళ్లలో చాలామంది ఆగ్రహించారు. కొన్నేళ్లకు శాసనసభే ఆ మాటని చట్టంగా రాసుకుంది.

నేను: ఈ ఒక్క తీర్పుకి ఆయన విగ్రహానికి దండ వెయ్యమన్నా వేస్తాను. రాసింది నిజమా అని అడగనివ్వని కోర్టు ఎంత భయంకరమో మనకి తెలుసు. కానీ అదే కోర్టులో కూర్చుని అదే కళ్లతో పేదవాళ్లని చూశాడు కదా. దానిమాటేమిటి?

మామయ్య: ఏం చూశాడు? పదేళ్ల పిల్లాణ్ణి ముదిరిన దొంగలతో ఒకే కొట్టులో పెట్టడం చూశాడు. అది తప్పని రాశాడు. మేయరయ్యాక 1826లో పిల్లలకి వేరే దిద్దుబాటు బడి పెట్టించాడు.

నేను: అంతకుముందు 1821లో పేదల చట్టాల మీద ఇచ్చిన నివేదిక? దానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ముసలివాళ్లూ రోగులూ చిన్నపిల్లలూ ఒక రకం, ఒంట్లో సత్తువ ఉన్న పేదలు ఇంకో రకం అని విడగొట్టాడు. ఇంటికి పంపే సాయమే అన్నిటికంటే దుబారా, అన్నిటికంటే చెడ్డ అలవాటు అన్నాడు. ఇంటి దగ్గర నాలుగు కట్టెలూ కాసిని గింజలూ అందితే చలికాలం గట్టెక్కే విధవరాలిని, ఊరవతల సౌత్ బోస్టన్ పని ఇంటికి వెళ్లి పని చేసి తినమన్నాడు.

మామయ్య ఈసారి వెంటనే మాట్లాడలేదు.

మామయ్య: పింఛన్ల జాబితాలు దిద్దినవాణ్ణి నేను. అర్హులు కానివాళ్ల పేర్లు తీసేస్తున్నప్పుడు, వాళ్లతోపాటు అర్హురాలైన ఒక ముసలమ్మ పేరు కూడా పోయేది. మళ్లీ ఎక్కించేలోపు ఆమె పోయేది. అది నాకు తెలుసు. పని ఇంటి సంగతిలో నేను క్విన్సీ తరఫున మాట్లాడను.

నేను: అయితే ఆడపిల్లల బడి తరఫున మాట్లాడతావా?

మామయ్య: దానికోసమే చూస్తున్నాను ఎప్పుడు తెస్తావా అని.

ఈ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. బోస్టన్‌లో మగపిల్లలకి లాటిన్ స్కూలు 1635 నుంచి ఉంది. వ్యాపారాల్లోకి వెళ్లే మగపిల్లల కోసం 1821లో ఇంగ్లీష్ హైస్కూలు పెట్టారు. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. ఆడపిల్లలకి పై చదువుకి ఏదీ లేదు. కింది గ్రామర్ స్కూళ్లలో కూడా వాళ్లకి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ప్రవేశం. చలి మొదలయ్యాక బెంచీలన్నీ మగపిల్లలవే. అలాంటిచోట 1826 మొదట్లో ఆడపిల్లల హైస్కూలు తెరిచారు. ఎబినీజర్ బెయిలీ ప్రధానోపాధ్యాయుడు. ఖర్చు తగ్గించడానికి, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే పద్ధతి పెట్టారు. ఉన్న చోటుకి మించి ఎంతోమంది ప్రవేశ పరీక్షకి వచ్చారు. చేరినవాళ్లు మానలేదు. 1828 నాటికి బడి మూతపడింది.

నేను: బడి ఎందుకు పోయింది మామయ్యా? పిల్లలు రాక కాదు, వచ్చి! మగపిల్లల హైస్కూల్లో చేరినవాళ్లు సగంలోనే కొట్లలోకీ ఓడల్లోకీ పనులకి పోయేవాళ్లు, బెంచీలు ఖాళీ అయ్యేవి, ఖర్చు తేలికయ్యేది. ఆడపిల్లలకి పోవడానికి పనులెక్కడున్నాయి? కూర్చున్నారు, చదివారు, ఆఖరిదాకా ఉన్నారు. క్విన్సీ ఏం లెక్కేశాడు? ఇంకో ఏడాది ఇలాగే చేర్చుకుంటే ఇంకో బడి కట్టాలి, ఆ తర్వాత మరొకటి, ఊరు భరించలేదు అన్నాడు. ఒక్క పిల్ల కూడా బడి మానడం లేదన్న మాట ఏ ఊళ్లోనైనా శుభవార్త. ఈయన దాన్ని నష్టం కింద రాసుకున్నాడు.

మామయ్య: నెమ్మదిగా, నెమ్మదిగా. ఆయన వాదన సగమే చెప్పావు. ఆ బడికి ఎవరి పిల్లలొచ్చారు? ప్రవేశ పరీక్ష పెట్టారు. ప్రైవేటుగా చదివించుకున్నవాళ్ల పిల్లలే గట్టెక్కారు. డబ్బున్నవాడు తన కూతురి ఫీజు మిగుల్చుకున్నాడు, ఆ ఖర్చు ఊరు మోసింది. అంతకంటే ఆ డబ్బుతో కింది బడుల్లో ఆడపిల్లల్ని ఏడాది పొడుగునా చదవనిస్తే ఎక్కువమందికి మేలు కదా అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ 1828లోనే గ్రామర్ స్కూళ్లలో ఆ ఆరునెలల నియమం పోయింది. వందమందికి పై చదువా, వేలమందికి నిండు ఏడాది చదువా? ఉన్న డబ్బు ఒక్కదానికే చాలితే నువ్వేది చేస్తావు? నన్నడిగితే నేనూ వేలమంది వైపే సంతకం పెడతాను.

నేను: ఆ ప్రశ్న మగపిల్లల దగ్గర ఎందుకు అడగలేదు? లాటిన్ స్కూలు పిల్లలు కూలివాళ్ల కొడుకులా? వాళ్ల తండ్రులకి ఫీజు కట్టే స్తోమత లేదా? ఆ బడి మూసేసి కింది బడులకి పెడదామని ఒక్కరైనా అన్నారా? మార్కెట్టుకి రేవు పూడ్చేటప్పుడు, స్థలం ముందే కొంటే రేపు విలువ పెరుగుతుందని ఇదే మనిషి కౌన్సిల్‌ని ఒప్పించాడు. నేలలో పెట్టిన డబ్బు తిరిగొస్తుందని తెలిసినవాడికి ఆడపిల్ల చదువులో పెట్టింది తిరిగొస్తుందని ఎందుకు తోచలేదు?

మామయ్య: ఆ కాలం...

నేను: బెయిలీ అదే కాలంవాడు మామయ్యా. మేయర్ నివేదిక మీద విమర్శ రాసి అచ్చేయించాడు. అందులో ఆయన లెక్కలు తప్పుపట్టాడు. కూతుళ్లని పంపిన తండ్రులు అదే కాలంవాళ్లు. చదవడానికి వచ్చిన ఆ పిల్లలదీ అదే కాలం. కాలాన్ని ఒక్క మేయర్‌కే రాసివ్వకు.

మామయ్య లేచాడు. కాసేపు నడుద్దామన్నాడు. గచ్చు వీధుల్లో మెల్లగా పైకి నడిచాం. దారిలో ఆయనే మళ్లీ మొదలుపెట్టాడు. గొంతు తగ్గింది గానీ పట్టు వదల్లేదు.

మామయ్య: ఆయన్ని ఓడించింది ఆ ఆడపిల్లల తండ్రులొక్కళ్లే కాదు. ఊరికి అప్పు పెరిగిందన్నారు. పాత అగ్నిమాపక దళాలవాళ్లకి కోపం. బకెట్లు చేతులు మార్చే పద్ధతి తీసేసి, గొట్టాలూ కొత్త ఇంజన్లూ తెప్పించి, 1825లో దళాన్ని మొత్తం తిరగరాశాడు. పాతవాళ్లు కట్టగట్టుకుని మానేస్తే కొత్తవాళ్లని పెట్టుకున్నాడు. వెస్ట్ హిల్ మీద సారా కొట్లకి లైసెన్సులు పోయాయి, సానికొంపలు మూతపడ్డాయి. వాళ్లకి కోపం. అదే 1825 వేసవిలో అల్లరిమూకలు ఇళ్లు కూలగొడుతుంటే చాలినంత పోలీసు బలగం లేదు. సరుకు బళ్లు తోలే దిట్టమైనవాళ్లని పోగేసుకుని, ముందు తనే నడిచి ఆ మూకని తరిమాడు. యాభై మూడేళ్ల మనిషి! ఇన్ని చేసినవాడికి ఓటెవరు వేస్తారు? 1828 డిసెంబరులో రెండుసార్లు పోలింగ్ జరిగినా సగానికి మించి ఓట్లు రాలేదు. పక్కకి తప్పుకున్నాడు. మార్కెట్టుకి ఆయన పేరు కూడా అధికారికంగా పెట్టలేదు. జనమే పిలిచారు క్విన్సీ మార్కెట్టని.

నేను: ఓడిపోయాక నెలలోనే హార్వర్డ్ అధ్యక్ష పదవి వచ్చింది. పదహారేళ్లు చేశాడు. అక్కడా అదే తీరు. 1834లో పిల్లలు అద్దాలు పగలగొట్టి గోల చేస్తే రెండో సంవత్సరం తరగతినంతా పంపేశాడు, కొందరి మీద బయటి కోర్టులో కేసులకి వెళ్లాడు. పిల్లలు ఆయన బొమ్మ చేసి ఉరితీశారు. పాత కాగితాలు తిరగేస్తూ 1643 నాటి ముద్ర చిత్తుప్రతి కనిపెట్టి, "వెరిటాస్", అంటే సత్యం, అన్న మాటని మళ్లీ వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే.

మామయ్య: చూశావా, కోర్టులో పట్టుకున్న మాటే మళ్లీ పట్టుకున్నాడు.

నేను: ఎనభై నాలుగేళ్ల వయసులో, 1856లో, బానిసత్వాన్ని సాగనిచ్చే దక్షిణాది రాష్ట్రాల అధికారం మీద ఘాటైన ప్రసంగం అచ్చేయించాడు. తొంభై రెండేళ్లు బతికి 1864 జులైలో పోయాడు. ఆయన గొప్పవాడు కాదని నేనెప్పుడూ అనను మామయ్యా. అలాంటివాడు కూడా చూడలేకపోయాడనే నా బాధ. చిన్నవాడు చూడకపోతే నేను పట్టించుకోను.

అప్పటికి స్కూల్ స్ట్రీట్ చేరాం. పాత సిటీ హాలు ముందు ఒకవైపు బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఇంకోవైపు క్విన్సీ. థామస్ బాల్ మలిచిన కంచు విగ్రహం, 1879 నాటిది. మామయ్య చెప్పులు విడవబోయి ఆగాడు. తలెత్తి చాలాసేపు చూశాడు.

గేటు బయట కాలిబాట మీద రంగురాళ్లు పొదిగిన గచ్చు ఉంది. లాటిన్ స్కూలు మొదటి భవనం ఉన్నది ఇక్కడేనని చెప్పే గుర్తు. దాన్ని తొక్కుడుబిళ్ల గళ్లలాగా చేశారు. ఎవరో ఎనిమిదేళ్ల పిల్ల, తల్లి ఫోన్లో మాట్లాడుతుంటే, ఒంటికాలి మీద గళ్లు దూకుతోంది.

మామయ్య: ఈ బడిలోకి ఆడపిల్లలు ఎప్పుడొచ్చారు?

నేను: వాళ్లకంటూ విడిగా హైస్కూలు మళ్లీ పెట్టింది 1850ల్లో. ఈ బడిలోకైతే 1972లో.

మామయ్య: డెబ్బై రెండా? అప్పుడు నేను బి.కాం.లో ఉన్నాను.

ఆయన ఇంకేదో లెక్క వేస్తున్నాడని తెలుస్తోంది. వేళ్లు కదులుతున్నాయి.

మామయ్య: మీ అమ్మ ఎనిమిదో తరగతి పాసైన సంవత్సరం అది. తొమ్మిదికి పక్క ఊరు వెళ్లాలి, బస్సు పాసూ పుస్తకాలూ. మీ తాతయ్యకి ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండేది, పద్దులు రాసుకునేది. నాది హాస్టలు, మెస్సు, ఫీజు, అన్నీ వరసగా రాసి ఉండేవి. దాని కింద అమ్మాయి అని రాసి ఊరుకున్నాడు. ఎదురుగా అంకె వెయ్యలేదు. ఆ పేజీ నేను చూశాను. చూసి, నాన్నా ఇదేమిటని అడగలేదు.

అమ్మ ఎనిమిదితో మానేసిందని నాకు తెలుసు. చదువు మీద ఇష్టం లేక మానేసిందనే మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ పుస్తకం సంగతి నేను మొదటిసారి వినడం.

ఆ పిల్ల చివరి గడి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదలుపెట్టింది. మామయ్య ఆమెకి దారి వదిలి గచ్చు అంచున నిలబడ్డాడు.